మన్యం ఎరగని ఐపీ: అప్పు విడుదల చట్టాలూ ఆదివాసీలూ

మైదాన ప్రాంతాల్లో ‘ఫలానా ఆయన ఐపీ పెట్టాడు’ అనే మాట తెలియనివారు ఉండరు. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అనే ఇంగ్లీషు మాటలకు అది పొట్టిరూపం. అప్పులు తీర్చలేనివాడు కోర్టుకు వెళ్లి, నాకున్న ఆస్తి ఇంత, నా బాకీలు ఇవి, ఇక తీర్చడం నావల్ల కాదు అని అర్జీ పెట్టుకుంటాడు. కోర్టు ఆ అర్జీని ఒప్పుకుంటే, ఉన్న ఆస్తిని అప్పిచ్చినవారికి పంచిపెట్టి, మిగిలిన అప్పు నుంచి అతణ్ణి విడుదల చేస్తుంది. ఊళ్లో పరువు పోవచ్చు గాని మనిషి మిగులుతాడు. అతని కొడుకు ఆ అప్పుకు బానిస కాడు.

మన గూడేల్లో ఈ మాట వినబడదు. అప్పు గురించి మన పెద్దల నోట మిగిలిన మాటలు వేరు. గోతి, వెట్టి, జీతం, భగేలా, నాగు. వీటిలో ఒక్కటీ విడుదలను చెప్పదు. అన్నీ కట్టుబాటునే చెబుతాయి. కొండకింద మనిషికి అప్పు నుంచి బయటపడే దారి ఒకటి చట్టంలో ఉండగా, కొండమీద మనిషికి కట్టుబాటే ఎందుకు మిగిలింది? ఆదివాసీ అప్పు చేశాడు, అమాయకుడు గనక మోసపోయాడు అని చాలా పుస్తకాలు ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. చట్టాల చరిత్రను తేదీల వారీగా చూస్తే సంగతి అంత తేలికగా లేదు. అమాయకత్వం మాట తర్వాత. ముందు ఆ తలుపు మనవైపు తెరిచి ఉందా అని చూడాలి.

ఒకే ఏడాది, రెండు జవాబులు

1875లో పుణె, అహ్మద్‌నగర్ జిల్లాల రైతులు వడ్డీ వ్యాపారుల మీద తిరగబడ్డారు. ప్రాణాలు తీయడం కన్నా పత్రాలు తగలబెట్టడం మీదే వాళ్లు దృష్టి పెట్టారు. ప్రభుత్వం కమిషన్ వేసి విచారించింది. 1879లో దక్కన్ వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం వచ్చింది. పత్రంలో రాసిన అంకెను గుడ్డిగా నమ్మకుండా, అసలు ఎంత ఇచ్చారో, వడ్డీ ఎలా పెరిగిందో కోర్టు మొదటి నుంచి విచారించవచ్చని ఆ చట్టం చెప్పింది. డబ్బు బాకీ డిక్రీ కింద రైతును అరెస్టు చేయరాదంది. చెల్లించిన ప్రతిసారీ రసీదు పొందే హక్కు ఇచ్చింది. దివాలా అర్జీ పెట్టుకునేందుకు రైతులకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే పెట్టింది.

అదే 1879లో గోదావరి జిల్లా రంప ప్రాంతంలో కొండరెడ్లు, కోయలు, ముఠాదారులు తిరగబడ్డారు. కల్లు పన్ను, మన్సబుదారు దోపిడీ, పోలీసుల జులుం కారణాలని మనం పాఠాల్లో చదువుకుంటున్నాం. పెద్దగా చెప్పుకోని మరో కారణం అప్పు. విచారణకు వచ్చిన సల్లివాన్ అనే ఉన్నతాధికారి దాన్ని గుర్తించాడు. మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు కొండవాళ్లతో ఒప్పందాలు రాయించుకునేవారు. గడువు తప్పితే కింద కోర్టుల్లో దావా వేసేవారు. కొండమనిషి ఆ కోర్టుకు వెళ్లడు, వెళ్లలేడు. ఎక్స్‌పార్టీ డిక్రీ వచ్చేస్తుంది. అది చేత పట్టుకుని వచ్చి చేతికందినదల్లా జప్తు చేసుకుపోయేవారు. ఐదు రూపాయల బాకీ సాకుతో దాదాపు వంద రూపాయల విలువైన పశువులను, పంటను పట్టుకుపోయిన ఉదంతం ఆనాటి రికార్డుల్లో నమోదైంది.

దక్కన్ రైతుకూ రంప కొండరెడ్డికీ కష్టం ఒక్కటే. మీదపడింది అదే పత్రం, అదే డిక్రీ, అదే జప్తు. కాని పుణె రైతుకు చట్టం వచ్చింది. రంపకు సైన్యం వచ్చింది. తిరుగుబాటులో పాల్గొన్నవారిలో కొందరిని అండమాన్‌కు పంపారు. ఈ రెండు జవాబుల మధ్య తేడాను మన పిల్లలకు ఒకే పాఠంలో పక్కపక్కన పెట్టి చెప్పాలి.

1917: వడ్డీకి తొలి కట్టడి

రంప తిరుగుబాటుకు దాదాపు నలభై ఏళ్ల తర్వాత మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూమి బదలాయింపు చట్టం చేసింది. ఇది 1917 నాటి మొదటి నంబరు చట్టం. భూమి సంగతి వల్ల అది అందరికీ గుర్తుంది. ఏజెంటు అనుమతి లేకుండా కొండజాతి మనిషి భూమి ఇతరులకు బదిలీ అయితే చెల్లదని అది చెప్పింది. అందులోనే ఉన్న వడ్డీ నిబంధన మాత్రం మరుగున పడిపోయింది. కొండజాతి మనిషి అప్పు మీద ఏడాదికి నూటికి 24 రూపాయలకు మించి వడ్డీ ఉండరాదు. చక్రవడ్డీ కుదరదు. మొత్తం వడ్డీ అసలును మించరాదు.

వంద రూపాయల అప్పుతో లెక్క వేసి చూద్దాం. ఏడాదికి 24 రూపాయల చొప్పున నాలుగేళ్ల రెండు నెలలకు వడ్డీ వందకు చేరుతుంది. ఆ తర్వాత వడ్డీ గడియారం ఆగిపోవాలి. ఎన్నేళ్లు గడిచినా బాకీ రెండు వందలు దాటకూడదు. తాత చేసిన అప్పు మనవడి దాకా పెరుగుతూ రావడం చట్టం ప్రకారం 1917లోనే ఆగిపోవాల్సింది. ఆగలేదు. కారణం స్పష్టం. వడ్డీ అసలును మించిందని నిరూపించాలంటే ఎప్పుడు ఎంత తీసుకున్నాడో, ఎంత కట్టాడో లెక్క కావాలి. లెక్క షావుకారు పుస్తకంలో ఉంది. కట్టింది రూపాయల్లో కాదు, చింతపండులో, కందుల్లో, కూలి రోజుల్లో. వాటిని కొలిచిన కుంచం కూడా షావుకారుదే.

1920: తలుపు దగ్గరే ఆపిన చట్టం

ఐపీకి మూలమైన ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం 1920లో వచ్చింది. కోస్తా జిల్లాల కోర్టుల్లో ఈ వందేళ్లుగా నడిచిన ఐపీలన్నీ దాని కిందివే. ఆ చట్టం మొదటి సెక్షన్‌లో ఒక మాట ఉంది. ఇది బ్రిటిష్ ఇండియా అంతటికీ వర్తిస్తుంది, షెడ్యూల్డ్ జిల్లాలకు తప్ప. షెడ్యూల్డ్ జిల్లాలంటే 1874 చట్టం జాబితాకెక్కించిన ప్రాంతాలు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల మన్యం అందులో ఉంది. అంటే అప్పు తీర్చలేనివాడికి దేశమంతా తెరిచిన తలుపు మన్యం గడప దగ్గరే ఆగింది.

ఒకవేళ వర్తించినా ఉపయోగం ఎంత? డిక్రీ కింద అరెస్టయినవాడికో, ఆస్తి జప్తు ఉత్తర్వు పడినవాడికో మినహా, అర్జీ పెట్టాలంటే అప్పు కనీసం 500 రూపాయలు ఉండాలని ఆ చట్టం నియమం. 1920లో 500 రూపాయల అప్పు పుట్టాలంటే ముందు ఆస్తి ఉండాలి. పెళ్లి ఓలి కోసమో, పండుగకో, చావు ఖర్చుకో కొద్ది రూపాయలు తీసుకుని, కాలమంతా పాలేరుగా మిగిలినవాడికి ఆ చట్టం లెక్కలో చోటు లేదు. పెద్ద అప్పు చేసినవాడికి విడుదల ఉంది. చిన్న అప్పు చేసినవాడికి చాకిరీ ఉంది. 1938లో మద్రాసు రాష్ట్రం రైతుల రుణ విమోచన చట్టం చేసి పాత వడ్డీ బకాయిలు కొట్టేసింది. అయితే 1935 రాజ్యాంగ చట్టం కింద తూర్పుగోదావరి, విశాఖ ఏజెన్సీలు పాక్షిక మినహాయింపు ప్రాంతాలు. గవర్నరు విడిగా ప్రకటిస్తే తప్ప శాసనసభ చేసిన చట్టం అక్కడ అమలు కాదు. ‘రక్షణ కోసం’ అని కట్టిన కంచె, విమోచన చట్టాలను కూడా బయటే ఆపగలిగే కంచె అయింది.

మూడు ప్రాంతాలు, మూడు తాకట్లు

ఆదివాసీ అప్పు అంతటా ఒకేలా లేదు. ఏ ప్రాంతంలో షావుకారుకు ఏది విలువైనదో అప్పు దాన్నే పట్టుకుంది.

విశాఖ కొండల్లో పోడు భూమికి కాగితం లేదు. మైదానపు మనిషికి ఆ మెట్ట మీద ఆశా తక్కువ. అక్కడ తాకట్టు పడింది మనిషే. దాన్నే గోతి అన్నారు. అప్పు తీసుకున్నవాడు అది తీరేదాకా ఇచ్చినవాడి ఇంట్లో, పొలంలో పనిచేయాలి. ఆ పని వడ్డీ కిందికే పోతుంది. అసలు అలాగే నిలిచి ఉంటుంది. తండ్రి పోతే కొడుకు ఆ చోటులోకి వస్తాడు. దీనికి తోడు అటవీ ఫలసాయం. అప్పిచ్చినవాడే చింతపండు, అడ్డాకులు, కరక్కాయ కొనేవాడు. ధర అతను చెప్పిందే, కొలత అతను పట్టిందే.

గోదావరి ఒడ్డున పాపికొండల్లో పరిస్థితి మరోలా ఉంది. అక్కడ నదిలో కలప, వెదురు తరలించే కాంట్రాక్టర్లకు కూలీలు కావాలి. కొండరెడ్లకు బియ్యం, బట్ట, డబ్బు ముందుగా ఇచ్చి, ఆ బాకీ పేరుతో అడవి కొట్టించేవారు. పోడుకు వెళ్లాల్సిన రోజుల్లో కలపకు వెళ్లడంతో చేను పాడయ్యేది. చేను పాడైతే మళ్లీ అప్పు. 1940ల మొదట్లో వాళ్ల మధ్య ఉండి అధ్యయనం చేసిన హైమెండార్ఫ్ తన కొండరెడ్ల పుస్తకంలో ఈ చట్రాన్ని వివరంగా రాశాడు.

ఆదిలాబాద్ గోండు నేలల్లో సంగతి వేరు. అది పత్తి, జొన్న పండే నల్లరేగడి. అక్కడ భూమే విలువైనది. విత్తనానికి, ఎడ్లకు, తిండిగింజలకు చేసిన అప్పు చివరికి భూమి దగ్గరకు చేరింది. సాగు గోండుది, పట్టా ఇంకొకరిది అన్నట్టుగా మారింది. తెలంగాణ పల్లెల్లో గింజల అప్పును నాగు అంటారు. ఎండాకాలంలో తీసుకున్న గింజకు పంటకాలంలో అదనంగా కొలవాలి. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం నేలకొరిగిన తర్వాత, నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్‌ను పిలిపించి గోండుల స్థితిగతులు చూడమంది. ఆ తర్వాతే కొంత భూమికి పట్టాలు వచ్చాయి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. పట్టాలతో పాటు బడి రావడం కాకతాళీయం కాదు. కాగితం చదవగలిగినవాడు ఊళ్లో ఉండకపోతే పట్టా నిలబడదని అనుభవం చెప్పింది.

ఈ మూడు ప్రాంతాలను చూస్తే ఐపీ మనకు ఎందుకు అతకదో అర్థమవుతుంది. దివాలా చట్టం ఆస్తిని పంచి మనిషిని వదిలేస్తుంది. గోతిలో ఆస్తి లేదు, మనిషే ఆస్తి. మరి దేన్ని పంచి ఎవర్ని వదలాలి?

పేరులో రద్దు, ఊళ్లో కొనసాగింపు

1940లో మద్రాసు ఏజెన్సీ రుణదాస్య నిర్మూలన రెగ్యులేషన్ వచ్చింది. 1943లో హైదరాబాద్ రాజ్యంలో భగేలా ఒప్పందాల రెగ్యులేషన్ వచ్చింది. ఒకటి బ్రిటిష్ ఏజెన్సీకి, మరొకటి నిజాం తెలంగాణకు. రెండూ అప్పు పేరుతో మనిషిని కట్టేసే ఒప్పందాల మీద తెచ్చినవే. కాని 1948లో మద్రాసు ప్రభుత్వానికి ఆదివాసీల స్థితిగతుల మీద అయ్యప్పన్ నివేదిక అందే నాటికి కూడా గోతి పోలేదు. రద్దయిందన్న వార్త గోతికి చెప్పేవాడు లేడు. అతను ఫిర్యాదు చేయాల్సిన కచేరీ కొండ దిగి ఎంతో దూరం వెళితే గాని రాదు. ఆ రోజు పనికి రాలేదని అడిగేవాడు మాత్రం ఇంటి ముందే ఉంటాడు.

స్వాతంత్ర్యం తర్వాత రాజ్యాంగం ఐదో షెడ్యూలు, షెడ్యూల్డ్ తెగలకు అప్పులిచ్చే వడ్డీ వ్యాపారాన్ని అదుపుచేసే రెగ్యులేషన్లు తెచ్చే అధికారాన్ని గవర్నరుకు ఇచ్చింది. దాని కింద 1960లో ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ ప్రాంతాల వడ్డీ వ్యాపారుల రెగ్యులేషన్, షెడ్యూల్డ్ తెగల రుణ విమోచన రెగ్యులేషన్ వచ్చాయి. లైసెన్సు లేకుండా ఏజెన్సీలో వడ్డీ వ్యాపారం చేయరాదు. అంతకుముందే 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఇప్పటి గిరిజన సహకార సంస్థ మొదలైంది. జీసీసీ గురించి ఎన్ని ఫిర్యాదులున్నా, అది చేసిన ఒక పనిని చరిత్రలో గుర్తించాలి. అప్పిచ్చేవాడూ ఫలసాయం కొనేవాడూ ఒక్కడే కావడం వల్లే కుంచం మోసం సాగింది. సంతలో రెండో కొనుగోలుదారు నిలబడితే ఆ ముడి వదులవుతుంది.

నిరూపించే భారం మారిన రోజులు

శ్రీకాకుళం మన్యంలో గిరిజన సంఘం లేవనెత్తిన మాటల్లో భూమి, కూలితో పాటు అప్పుల రద్దు కూడా ఉంది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర సభకు వెళుతున్న ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోయారు. ఆ తర్వాత నడిచిన చరిత్ర మనకు తెలిసిందే. 1970లో 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్‌ను సవరించారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచి వచ్చిందనే భావించాలి, కాదని నిరూపించుకోవాల్సింది అతనే అని ఆ సవరణ చెప్పింది.

అదే సూత్రం 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టంలోకి వచ్చింది. 1975 అక్టోబరు 25 నుంచి అమల్లోకి వచ్చినట్టు భావించే ఆ చట్టం భగేలా, జీత, పాలేరు, వెట్టి వంటి పేర్లను వరుసగా రాసి, చాకిరీకి కారణమైన అప్పు మొత్తం రద్దయిందని ప్రకటించింది. ఇది చాకిరీ అప్పేనని కూలివాడు చెబితే, కాదని నిరూపించాల్సింది అప్పిచ్చినవాడేనని 15వ సెక్షన్ చెప్పింది. 1977లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ రుణ విమోచన చట్టం చిన్న రైతులు, వ్యవసాయ కూలీలు, గ్రామీణ చేతివృత్తులవారి ప్రైవేటు బాకీలు రద్దయినట్టేనని ప్రకటించింది.

ఈ మూడింటినీ ఐపీతో పోల్చి చూడండి. ఐపీలో అప్పుపడ్డవాడు నడిచివెళ్లాలి, రాయాలి, చూపాలి, నిరూపించాలి. ఇక్కడ కాగితం ఎవరి చేతిలో ఉందో నిరూపించే భారం వాడిదే. వందేళ్ల చరిత్రలో ఆదివాసీకి న్యాయంగా రాసిన అప్పు చట్టాలు ఏవంటే ఇవే. అమలు ఎంత జరిగిందన్నది వేరే లెక్క. కాని అమలు చేయమని అడగడానికైనా చట్టం మనవైపు మాట్లాడాలి. ఇవి మాట్లాడాయి.

మళ్లీ అర్జీ దగ్గరికే

2010 నాటికి ఏజెన్సీ సంతల్లో షావుకారు పక్కన మైక్రోఫైనాన్స్ ఏజెంటు కూడా కూర్చున్నాడు. వారం వారం వాయిదా, గుంపు హామీ, కట్టనివాళ్ల ఇంటిముందు కూర్చోవడం. ఆ ఏడాది అక్టోబరులో ఆర్డినెన్సు, 2011లో చట్టం వచ్చాయి. అందులో ఒక నియమం, వడ్డీ అసలును మించి వసూలు చేయరాదని. 1917 నాటి ఏజెన్సీ చట్టం చెప్పిన మాటే అది. కొండకోసం రాసిన సూత్రం తొంభై ఏళ్లకు రాష్ట్రమంతటికీ అవసరమైంది. అయితే రిజర్వు బ్యాంకు నియంత్రణలో ఉన్న ఫైనాన్సు కంపెనీలకు రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు వర్తించవని 2022లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాబట్టి ఇప్పుడు అప్పిచ్చినవాడు ఎవరన్నదే మొదటి ప్రశ్న. ఊరి షావుకారుకు ఒక చట్టం, కంపెనీకి మరొకటి.

2016లో దేశానికి కొత్త దివాలా కోడ్ వచ్చింది. అందులో పేదల కోసం ‘ఫ్రెష్ స్టార్ట్’ అనే ఏర్పాటు ఉంది. ఏడాది ఆదాయం 60,000 రూపాయలు, ఆస్తులు 20,000, అర్హమైన అప్పులు 35,000 దాటనివాళ్లు అర్జీ పెట్టుకుంటే ఆ అప్పులు మాఫీ అవుతాయి. చూడటానికి మనకోసమే రాసినట్టుంది. కాని సొంత ఇల్లు ఉండకూడదన్నది మరో షరతు. ప్రభుత్వం మంజూరు చేసిన పక్కా ఇల్లు ఉన్న ఆదివాసీ కుటుంబం ఆ ఒక్కదానితో బయటికి పోతుంది. అర్జీ వినాల్సింది అప్పుల వసూలు ట్రిబ్యునల్. అవి విశాఖపట్నం, హైదరాబాద్ వంటి నగరాల్లో ఉన్నాయి. పైగా సాధారణ వ్యక్తులకు సంబంధించిన ఆ భాగాన్ని ఇంకా అమల్లోకే తేలేదు. అంటే 2016 మళ్లీ 1920 దారినే పట్టింది. అప్పుపడ్డవాడే కొండ దిగి రావాలి.

కాబట్టి దివాలా అర్జీల లెక్కల్లో ఆదివాసీ ప్రాంతాలు కనబడవు. కనబడకపోవడాన్ని అప్పులు లేకపోవడంగా చదవరాదు. అర్జీ లేని చోట అప్పు మనిషిలోనో, భూమిలోనో, వలస వెళ్లిన కూలి రోజుల్లోనో ఇంకిపోతుంది.

ఉపాధ్యాయులకు, యువకులకు

రంపలో ఐదు రూపాయల అప్పు వంద రూపాయల జప్తుగా మారిన చోట కొరత డబ్బుది కాదు, డిక్రీ చదివి జవాబు రాసేవాడిది. ఆ కొరత ఇప్పుడు ఉండనవసరం లేదు. మన గూడేల్లో డిగ్రీ చదివినవాళ్లున్నారు. ఎనిమిదో తరగతి పిల్లలతోనే చేయించగల లెక్క ఒకటి ఉంది. ఇంట్లో ఉన్న అప్పుకు తేదీ, అసలు, ఇప్పటిదాకా కట్టింది, దేని రూపంలో కట్టింది రాయించండి. సంతలో అమ్మిన ఫలసాయం బాకీలో జమ అయితే కిలోల్లో, రూపాయల్లో రాయించండి. ఆ కాగితం ఇంట్లో ఉంటే 1917లో మన తాతల చేతిలో లేనిది మన చేతిలో ఉన్నట్టే.

రెండోది గ్రామసభ. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ తెగలకు అప్పులిచ్చే వ్యాపారంపై అదుపు చేసే అధికారం గ్రామసభకూ తగిన స్థాయి పంచాయతీలకూ ఉండాలని చెప్పింది. ఊళ్లో వడ్డీకిచ్చేవారికి లైసెన్సు ఉందా అని సభలో అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కంపెనీ అయితే రాతపూర్వక ఒప్పందం తెలుగులో ఇవ్వమని అడగాలి. అప్పు పేరుతో ఎవరినైనా పనికి కట్టేసి ఉంచితే అది బాకీ తగాదా కాదు, నేరం. నిరూపించాల్సింది అప్పిచ్చినవాడు. ఈ ఒక్క సంగతి ప్రతి గూడెంలో ఒక్కరికైనా తెలిసి ఉంటే, 1976లో రాసిన చట్టం అక్కడ ఇప్పటికైనా అమలు మొదలైనట్టు.